రసాయన పరిశ్రమలో రసాయనికుడు కానివాడు

హైదరాబాదు నుండి బొంబాయి పోయే రహదారి మీద రామచంద్రాపురం చేరేసరికి కర్మాగారాల వరుస మొదలవుతుంది. మొదట భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కనిపిస్తుంది. తరువాత 1972లో స్థాపించిన ఇక్రిశాట్ వారి పరిశోధన పొలాలు, ఆపైన పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడలు వస్తాయి. రహదారికి ఉత్తరంగా బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వున్నాయి. 2016 వరకు ఇదంతా మెదక్ జిల్లా. అటుపిమ్మట సంగారెడ్డి జిల్లా అయింది. ఇక్కడ తయారయ్యే వస్తువులు అనేకం. అయినా ఈ ప్రాంతానికి దేశదేశాలలో పేరు తెచ్చినవి మందులు. అందులోనూ బల్క్ డ్రగ్స్ అని వ్యవహరించే మూల ఔషధాలు, అనగా మాత్రలోనో సూదిమందులోనో నిజంగా పనిచేసే పదార్థాలు.

ఇన్ని మందుల కర్మాగారాలను స్థాపించినవారు ఎవరు అని విద్యార్థిని అడిగితే, రసాయన శాస్త్రం బాగా చదివినవారు అని తడుముకోకుండా చెబుతాడు. అది చాలావరకు నిజమే. కాని స్థాపకులలో గాజు నాళిక చేతబట్టి ఎరుగనివారు కూడా వున్నారు. వారు చేసిన పని ఏమిటో, వారు చేయవలసి వుండి చేయని పని ఏమిటో తెలుసుకోవాలంటే, ముందు రసాయనికుల సంగతి కొంత చెప్పుకోవాలి.

1961లో భారత ప్రభుత్వం ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అనే సంస్థను నెలకొల్పింది. సోవియట్ దేశపు సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో దీని సంశ్లేషిత ఔషధ కర్మాగారం వెలసింది. అక్కడ పనిచేసిన రసాయనికులు, ఇంజనీర్లు వేల లీటర్ల పాత్రలలో రసాయన చర్యలను నడపడం నేర్చుకున్నారు. కళాశాల ప్రయోగశాలలో వంద మిల్లీలీటర్ల కూజాలో జరిగే చర్యకూ, దీనికీ చాలా తేడా వున్నది. చిన్న కూజాలో పుట్టిన వేడి దానంతట అదే గాలిలో కలిసిపోతుంది. పెద్ద పాత్రలో పుట్టిన వేడిని తీసివేయకపోతే చర్య చేయి దాటిపోతుంది.

రెండవ కారణం చట్టం. 1970లో పార్లమెంటు ఆమోదించిన పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మందుకు పేటెంటు లేదు, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే వున్నది. అణువు ఒకటే, దానిని చేరే దారులు అనేకం. విదేశీ సంస్థ నడిచిన దారిని విడిచి వేరొక దారి కనిపెట్టగలిగినవానికి ఆ మందు తయారుచేసే హక్కు దక్కింది. 2005లో చట్టం మారేవరకు ఈ అవకాశం నిలిచింది. దారి తెలిసిన రసాయనికునికి ఇంతకంటే మంచి కాలం వుండబోదు.

కల్లం అంజిరెడ్డి జీవితం ఇందుకు తార్కాణం. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. బాలానగర్ కర్మాగారంలో కొన్నేళ్ళు పనిచేశారు. 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థలలో స్థాపక భాగస్వామిగా వుండి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. దాని మూల ఔషధ కర్మాగారాలు బొల్లారంలో వెలశాయి. ఈయన శాస్త్రజ్ఞుడు, యజమాని రెండూ తానే. అందుకనే ఈ ప్రాంతపు చరిత్ర అంటే అందరికీ ముందు ఆయనే గుర్తుకు వస్తారు. కాని అటువంటివారు అరుదు.

రసాయనికుని దృష్టి ఎక్కడ వుంటుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక మందు తయారీలో అయిదు దశలు వున్నాయనుకోండి. ప్రతి దశలోను నూటికి 80 పాళ్ళు మాత్రమే కావలసిన పదార్థంగా మారితే, అయిదవ దశ ముగిసేసరికి చేతికి వచ్చేది నూటికి 33 పాళ్ళు. ప్రతి దశలోను 90 పాళ్ళు రాబట్టగలిగితే చివరకు 59 వస్తుంది. దశకు పది పాళ్ళ మెరుగుదల చివర ఇంచుమించు రెట్టింపు ఫలితం ఇస్తున్నది. రసాయనికుడు రేయింబవళ్ళు ఈ పది పాళ్ళకోసం తపిస్తాడు. తపించవలసిందే. అయితే ఈ మందు కొనేవాడెవడు? ఏ ధరకు కొంటాడు? మొదటి బస్తా అమ్ముడయ్యేదాకా జీతాలు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు సమాధానం కూజాలో దొరకదు.

ఇక్కడ రెండవ రకపు స్థాపకుడు ప్రవేశిస్తాడు. 1986లో స్థాపితమైన అరబిందో ఫార్మా సంస్థ స్థాపకులలో ముఖ్యులు ఇద్దరు. కె. నిత్యానందరెడ్డి కర్బన రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టభద్రులు. పి.వి. రామప్రసాదరెడ్డి వాణిజ్య శాస్త్రంలో స్నాతకోత్తర పట్టభద్రులు. అంతకుముందు వేర్వేరు మందుల కంపెనీలలో నిర్వహణ బాధ్యతలు చూసినవారు. రసాయన సమీకరణం రాయడం ఒకరి చదువు, జమాఖర్చులు చూడడం మరొకరి చదువు. సంస్థ 1988-89లో పాండిచ్చేరిలో ఒకే ఒక కర్మాగారంతో పని మొదలుపెట్టింది. అరవిందుల ఆశ్రమం వున్న వూరు అదే. 1995లో వాటాలు స్టాక్ ఎక్స్చేంజికి ఎక్కాయి. తరువాతి కాలంలో బొల్లారం, పాశమైలారం, చిట్కుల్, బోర్పట్ల మొదలైన చోట్ల కర్మాగారాలు నెలకొని, సంగారెడ్డి ప్రాంతం ఈ సంస్థకు పెద్ద స్థావరమైంది.

వారు మొదట ఎన్నుకొన్న వస్తువు అర్ధసంశ్లేషిత పెనిసిలిన్. ఇది ఏమిటో తెలిస్తే ఎన్నిక విలువ తెలుస్తుంది. అసలు పెనిసిలిన్‌ను బూజు తయారుచేస్తుంది. దానిని పెంచడానికి పెద్ద పెద్ద కిణ్వన పాత్రలు, శుద్ధమైన గాలి, నిరంతర విద్యుత్తు కావాలి. కోట్ల పెట్టుబడి కావాలి. 1957లో ఇంగ్లండులోని బీచమ్ ప్రయోగశాలలో పెనిసిలిన్ అణువు నడుమనున్న భాగాన్ని వేరుచేయగలిగారు. దాని పేరు 6-అమినో పెనిసిలానిక్ ఆమ్లం. ఈ మొండెం చేతిలో వుంటే దానికి వేర్వేరు పక్కగొలుసులు తగిలించి ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లాక్సాసిలిన్ వంటి కొత్త మందులు చేయవచ్చును. బూజు చేసే పని సగం, రసాయనికుడు చేసే పని సగం. కిణ్వనానికి తగిన సొమ్ము లేని కొత్త సంస్థ కూడా బూజు చేసే భాగాన్ని బయట కొని, మిగిలిన సగం తాను చేసుకోవచ్చును. గొలుసులో ఏ కొస దగ్గర ప్రవేశించాలి అనేది రసాయన ప్రశ్న అంత రసాయనమే, వర్తక ప్రశ్న అంత వర్తకమే. ఈ సంస్థకే చెందిన మరొక కంపెనీ కాకినాడ దగ్గర పెనిసిలిన్-జి తయారీ కర్మాగారాన్ని నడపడం 2024లో ప్రారంభించింది. గొలుసు మొదటి కొస చేరడానికి ముప్పయి అయిదేళ్ళు పట్టిందన్నమాట.

శాస్త్రం తెలిసినవాడు, తెలియనివాడు జంటగా సంస్థ పెట్టడం మన దేశంలో పుట్టిన వింత కాదు. ఆవిరి యంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్ పేరు ప్రతి పాఠ్యపుస్తకంలోను వున్నది. 1769లో ఆయన పేటెంటు పొందాడు. మొదట సొమ్ము పెట్టిన రోబక్ 1773లో దివాలా తీశాడు. అతని వాటా బర్మింగ్‌హామ్ వర్తకుడు మాథ్యూ బోల్టన్‌కు బాకీ కింద జమ అయింది. బోల్టన్ లోహపు సామాన్ల కర్మాగారం నడిపిన సమర్థుడు, శాస్త్రాభిమాని. అయినా యంత్రాన్ని కనిపెట్టినవాడు కాడు. 1775లో పార్లమెంటు చేత పేటెంటు గడువును 1800 వరకు పొడిగింపజేయడంలో ఆయన పలుకుబడి పనిచేసింది. గని యజమానులు పాత యంత్రానికి బదులు కొత్తదాన్ని వాడితే ఆదా అయ్యే బొగ్గు విలువలో మూడవ వంతు చెల్లించాలని ఒప్పందాలు చేసుకున్నారు. యంత్రం మేలైనదా కాదా అనే వాదానికి ఇక చోటు లేదు. బొగ్గు తూచుకుంటే తెలిసిపోతుంది. 1781 నాటికి కార్న్‌వాల్ గనులలో గిరాకీ తీరిపోతున్నదని గ్రహించి, మిల్లులను తిప్పడానికి గుండ్రంగా తిరిగే యంత్రం కావాలని బోల్టన్ వాట్‌ను తొందరపెట్టాడు. వాట్ అయిష్టంగానే పూనుకున్నాడు. నూలు మిల్లులకు ఆవిరి శక్తి అందింది ఆ తొందరవల్లనే. ఇంత జరిగినా మన పుస్తకాలలో బోల్టన్‌కు ఒక్క వాక్యం దొరకడం కష్టం. ఉపాధ్యాయులు ఈ లోపాన్ని సవరించవచ్చును.

తెలుగువారిలో ఇంకా పాత ఉదాహరణ వున్నది. 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు రసాయనికులు కారు, బి.ఏ. పట్టభద్రులు. సంగీత సభలలో ఉచితంగా పంచిపెట్టి ఆ పసుపుపచ్చని లేపనాన్ని జనానికి అలవాటు చేశారు. దాని లాభాలు ఆంధ్రపత్రికను పోషించాయి.

అయితే లేపనం వేరు, జన్యువులతో చేసే టీకామందు వేరు. శాస్త్రం తెలియనివాడు అంత లోతు నీటిలో దిగగలడా అనే సందేహానికి సమాధానం హైదరాబాదు చుట్టూ వున్న ఇదే ఔషధ వలయంలో, మేడ్చల్ దగ్గర దొరుకుతుంది. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. రక్షణశాఖ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో ఉద్యోగం చేశారు. తరువాత బ్యాటరీలు తయారుచేసే సంస్థలో భాగస్వామిగా వుండి బయటకు వచ్చారు. 1992లో జెనీవాలో టీకాలను గురించిన సమావేశానికి వెళ్ళినప్పుడు హెపటైటిస్-బి అనే కాలేయ వ్యాధి సంగతి విన్నారు. ఆనాడు భారతదేశంలో సుమారు నాలుగు కోట్లమంది శరీరాలలో ఈ వైరస్ నివసిస్తున్నదని అంచనా. టీకా వున్నది. కాని అది దిగుమతి వస్తువు. ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు. మూడు మోతాదులు వేయించాలి. సామాన్య కుటుంబం ఆ పేరు కూడా తలచుకోలేదు. తయారీ విధానం ఇమ్మని విదేశీ సంస్థను అడిగితే, భారతీయులకు అది అర్థమయ్యే విద్య కాదని తేలిక చేసి మాట్లాడారని ఆయన అనేకమార్లు చెప్పారు.

1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ పెట్టారు. అక్కడినుంచి అమ్మడానికి వస్తువు చేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈ నాలుగేళ్ళ కథే మన విషయానికి కీలకం. బ్యాంకులు ముందుకు రాలేదు. తాకట్టు పెట్టడానికి యంత్రాలు లేవు. వున్నది ఒక ఉద్దేశం మాత్రమే. చివరకు ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. సొంత ప్రయోగశాల లేదు గనుక పని మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలోను సాగింది. స్థాపకుడు పైపెట్టు పట్టలేదు. పట్టగలవారిని వెతికి తెచ్చాడు, వారికి చోటు సంపాదించాడు, సొమ్ము సంపాదించాడు, ఫలితం రాని నెలలలో కూడా జీతాలు ఆగకుండా చూశాడు.

శాస్త్రజ్ఞులు చేసిన పని క్లుప్తంగా ఇది. హెపటైటిస్-బి వైరస్ పైపొరలో ఒక మాంసకృత్తు వుంటుంది. దానిని మాత్రమే శరీరంలోకి ఎక్కిస్తే రోగం రాదు, రోగనిరోధక శక్తి మాత్రం వస్తుంది. 1981లో వచ్చిన తొలి టీకా కోసం ఈ మాంసకృత్తును రోగుల రక్తంనుంచే తీసేవారు. 1986లో విదేశాలలో వచ్చిన కొత్త టీకా పద్ధతి వేరు: ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువును ఈస్టు కణంలో చేర్చి, ఈస్టు చేతనే దానిని చేయించడం. హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఎన్నుకొన్నది పిచియా పాస్టోరిస్ అనే ఈస్టు. ఇది మిథైల్ ఆల్కహాలును ఆహారంగా తీసుకోగలదు. ఆ ఆల్కహాలు అందించినప్పుడు, చేర్చిన జన్యువు మేల్కొని మాంసకృత్తును విరివిగా తయారుచేస్తుంది. ఈ పని చెప్పినంత తేలిక కాదు. ఈస్టు కణాలను పగలగొట్టి, వేలాది ఇతర మాంసకృత్తుల నడుమనుంచి కావలసిన ఒక్కదానిని, 22 నానోమీటర్ల రేణువుల రూపం చెడకుండా వేరుచేయాలి.

1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదల అయింది. జన్యు పద్ధతితో మనదేశంలో తయారై మనుషులకు వాడిన మొట్టమొదటి ఔషధం ఇదే. ధర యాభై రూపాయల ప్రాంతానికి దిగింది. దిగుమతి టీకాలు కూడా ధర తగ్గించక తప్పలేదు. తక్కువ ధరకు అమ్మాలనే నిర్ణయం ప్రయోగశాలలో పుట్టింది కాదని, టీకా పుట్టకముందే స్థాపకుని మనసులో వున్నదని గమనించాలి. ఆ ధరను మొదటే నిశ్చయించుకున్నందున, దానికి సరిపోయే పద్ధతిని వెతకవలసిన భారం శాస్త్రజ్ఞుల మీద పడింది. 2002-03లో ప్రభుత్వం ఈ టీకాను పసిపిల్లల కార్యక్రమంలో కొన్నిచోట్ల ప్రవేశపెట్టి, 2011లో దేశమంతటికీ విస్తరించింది. శాంతా సంస్థ తరువాత ఫ్రెంచివారి చేతికి, 2009లో సనోఫీ సంస్థకు పోయింది.

అయితే శాస్త్రం తెలియకపోవడమే ఒక అర్హత అని ఎవరూ అనుకోరాదు. జీవశాస్త్ర పరిశోధకుడైన కృష్ణ ఎల్లా 1996లో హైదరాబాదులోనే భారత్ బయోటెక్ స్థాపించి, శాన్‌వాక్ వచ్చిన కొద్ది కాలానికే అదే వ్యాధికి తన టీకాను విడుదల చేశారు. ఒకరు శాస్త్రజ్ఞుడు, ఒకరు కారు. ఇద్దరూ గమ్యం చేరారు. కాకపోతే శాస్త్రజ్ఞుడు కానివాడు ప్రతి మెట్టు దగ్గర అడిగి తెలుసుకోవలసి వస్తుంది. అడగడానికి సిగ్గుపడితే మాత్రం సంస్థ మునిగినట్లే.

ఇప్పుడు మళ్ళీ పటాన్‌చెరుకు వద్దాం. పైన చెప్పిన అయిదు దశల లెక్కలో మనం సగమే చూశాం. నూటికి 33 పాళ్ళు మందుగా వచ్చింది సరే, మిగిలిన 67 పాళ్ళు ఎక్కడికి పోయాయి? ఇది అడగడానికి రసాయన శాస్త్రం అక్కరలేదు. జమాఖర్చులు చూసేవాడు కొన్న సరుకుకూ, అమ్మిన సరుకుకూ నడుమ తేడా చూసి రోజూ అడగదగిన ప్రశ్న. పైగా ద్రావకాలు, ఆమ్లాలు, కడిగిన నీళ్ళు ఈ లెక్కలోకి రానేలేదు. రోజర్ షెల్డన్ అనే రసాయనికుడు 1992లో ఈ విషయానికి ఒక కొలత ప్రతిపాదించాడు: ఒక కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం పుడుతుంది? పెట్రోలు శుద్ధిలో సుమారు 0.1 కిలో; మందుల తయారీలో 25 నుండి 100 కిలోలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి. మందుల కర్మాగారం అంటే నిజానికి వ్యర్థాల కర్మాగారం. మందు అందులో చిన్న భాగం.

ఆ వ్యర్థాలు నక్కవాగులోకి పోయాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. పొలాలు చెడిపోయాయని, బావినీరు రంగు మారిందని, పశువులు చచ్చిపోతున్నాయని గ్రామస్థులు మొరపెట్టారు. 1990లో ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. అనేక కర్మాగారాల వ్యర్థజలాలను ఒకచోట శుద్ధిచేయడానికి పటాన్‌చెరులో ఉమ్మడి కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రంనుంచి శుద్ధి అయి బయటకు వచ్చే నీటిని స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. సుమారు తొంభై మందుల కర్మాగారాల నీరు అక్కడికి వచ్చేది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు వున్నదని తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండేదానికంటే ఇది ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు ఆ నీటితో పాటు పోతున్నదని వారి అంచనా.

ఇందులో అపాయం రెండు విధాలు. నీటిలోని సూక్ష్మజీవులలో మందుకు లొంగేవి చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ లొంగని గుణం ఒక జాతినుంచి మరొక జాతికి జన్యువుల ద్వారా అందుతుంది. రోగాన్ని చంపడానికి తయారుచేసిన మందే రోగాన్ని మొండిగా మారుస్తున్నదన్నమాట. రెండవది మరీ విచిత్రం. అమ్మవలసిన సరుకే మురుగులో పోతున్నది. 45 కిలోలంటే వేలకొద్దీ మాత్రలకు సరిపడే మందు. మందు నష్టమవుతున్నదని గమనించవలసినవాడు రసాయనికుడా, వర్తకుడా? ఇద్దరూ గమనించవలసినవారే. బొగ్గు ఆదాను తూచి సొమ్ము పుచ్చుకున్న బోల్టన్ అయితే ఆ మురుగునీటిని ముందు తూచి వుండేవాడు.

తూచవలసింది వ్యర్థాన్ని మాత్రమే కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా మరణించారు. అక్కడ తయారయ్యేది విషపదార్థం కాదు, మాత్రలలో పూరకంగా కలిపే సెల్యులోజ్ పొడి. పిండి, పంచదార, సెల్యులోజ్ వంటి నిరపాయకరమైన పదార్థాలు కూడా సన్నని ధూళిగా గాలిలో కలిసి నిప్పురవ్వ తగిలితే పేలగలవని పాఠశాలలలో ప్రయోగం చేసి చూపవచ్చును. దీనిని గ్రహించడానికి శాస్త్ర పట్టం అక్కరలేదు.

పాశమైలారం దాటి సంగారెడ్డి వైపు పోతే కంది గ్రామం వస్తుంది. 2008లో ప్రారంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. విశాల ప్రాంగణం ఇప్పుడు అక్కడ వున్నది. ఇటు ఇక్రిశాట్‌లో వ్యవసాయ రంగపు కొత్త సంస్థలను పోషించే కేంద్రం 2003లోనే ఏర్పడింది, ఐ.ఐ.టి.లోను అటువంటి కేంద్రం వున్నది. స్టార్టప్ అని నేడు పిలుస్తున్న చిన్న సంస్థలు ఈ ఆవరణలలో ఇద్దరు ముగ్గురు యువకులతో పుడుతున్నాయి. ఒకరు యంత్రం నిర్మిస్తారు, మరొకరు కొనేవారిని వెతుకుతారు. కిటికీ తెరిస్తే ఈశాన్యపు గాలి వీచిన రోజున బొల్లారం, కాజిపల్లి వాసన అక్కడిదాకా వస్తుంది.